మెయిన్ స్విచ్ దించిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయిన కబురు నాకు చెవిన పడలేదు, కంట పడింది. భివండీ కామత్‌ఘర్‌లో మా కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారి కొడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మరమగ్గాలను మేము సాంచెలంటాం. వాటి మధ్య చేతులతోనే మాట్లాడుకుంటాం. ఆ మంగళవారం పొద్దున నేను ఒక సాంచె కింద దూరి పట్టా బిగిస్తున్నాను. గుమ్మం దగ్గర నిలబడి మా నేతగాడొకడు చూపుడు వేలు గిరగిరా తిప్పాడు. కండెలు చుట్టే ఆమె, అంటే మా అత్తమ్మ. తర్వాత అరచేతిని వెల్లకిలా పెట్టాడు. పోయింది, అని.

నేను పళ్ళికిలించి, "పోరా, నాకే టోపీయా" అని సైగ చేశాను. ఈ గల్లీలో నా చేతిలో మోసపోని వాడు లేడు, నా మీద బదులు తీర్చుకోవాలని కాచుకోని వాడూ లేడు. కానీ వాడు నవ్వలేదు. నేను పానా కింద పెట్టాను.

నేను జాబర్‌ని. చెడిన సాంచెను బాగు చేయడం, బాగున్న మనిషిని ఆట పట్టించడం నా పనులు. ఏడో తరగతితో బడి నన్ను వదిలింది. నా కథలకు నవ్వి నవ్వి అలవాటైన మీరంతా ఈసారి ఓర్చుకుని చదవాలి. అత్తమ్మ పోయిన ఆ రెండు రోజులు నాకు దుఃఖం కన్నా ముందు భయం ఉంది. ఆ భయం ఎందుకో చెప్పకుండా ఆమె గురించి మంచి మాటలు రాస్తే, అదీ ఒక టోపీయే అవుతుంది.

నాకు ఒక్కతే బిడ్డ. డాక్టర్ చదువు పూర్తి చేసి, పై చదువు పరీక్ష కూడా రాసింది. మంచి ర్యాంకే వచ్చింది. ఇక ఏ విభాగం కావాలో వరుసగా పెట్టి, బుధవారం సాయంత్రం నాలుగింటిలోగా కంప్యూటర్‌లో లాక్ చేయాలి. నాలుగు దాటితే ఆ వరుస ఎట్లా ఉంటే అట్లాగే ఖాయం. నా బిడ్డ పైన పిల్లల వైద్యం పెట్టింది. నేను చర్మం పెట్టమన్నాను. "దురదతో ఎవడూ చావడు. పిల్లల వార్డుల చావే ఉంటది, చచ్చినంక తల్లిదండ్రులొచ్చి డాక్టర్నే కొడ్తరు" అన్నాను. తను వినలేదు. ఆదివారం నాడు డ్యూటీకి పోతూ, "బాపు, లిస్టు పెట్టిన. అన్నీ సరిచూసి లాక్ ఒక్కటి నొక్కు, ఓటీపీ నీ ఫోన్‌కే వస్తది" అని చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం నేను లిస్టు తెరిచాను. పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, నొక్కితే పేరు పైకి పోతుంది. చర్మాన్ని పైకి తెచ్చాను, పిల్లల్ని కిందికి దించాను. సేవ్ చేశాను కానీ లాక్ మాత్రం నొక్కలేకపోయాను. నొక్కకపోయినా నాలుగింటికి అదే పడిపోతుందిలే, పాపం నా వేలి మీద ఉండదు అనుకున్నాను.

అదే గదిలో అత్తమ్మ మంచం మీద ఉంది. రెండు వారాలుగా లేవడం లేదు. నలభై ఏళ్ళు పీల్చిన నూలు దుమ్ము ఆమె ఛాతీలో కూర్చుంది. రెండు దిండ్లు ఆనుకుని, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి ఖర్చు పెడుతూ మాట్లాడేది.

"అల్లుడా, ఏం చేసినవ్?"

"ఏం చేయలే అత్తమ్మా. ఫోన్ చూస్తున్న."

"ఏం చేయనప్పుడు నువ్వు నవ్వుతవ్. చేసినప్పుడు నవ్వవ్."

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఆమె నా జేబు వంక చూసింది, తర్వాత నా ముఖం వంక చూసింది.

"ఏం చేసినవో నాకొద్దు. పొల్లకు చెప్పు. అన్నీ చెప్పు. తొట్టెలది గూడ."

ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే. మరునాడు పొద్దున నేను పనికి పోయిన గంటకు పోయింది.

తొట్టెల సంగతి చెప్పాలి. ఇరవై ఐదేళ్ళుగా అది నేను ఒక నవ్వులాట కథలాగా చెబుతూ వచ్చాను. మీలో చాలామంది విన్నారు కూడా.

మా బిడ్డకు అప్పుడు ఎనిమిదో నెల. నా భార్య, అత్తమ్మ పక్కపక్కనే కూర్చుని కండెలు చుట్టేవాళ్ళు. ఇంట్లో చూసుకునే దిక్కు లేదు కాబట్టి పిల్లను కార్ఖానాలోనే దూలానికి చీర కట్టి తొట్టెలలో వేసేవాళ్ళం. ఊపడానికి మాటిమాటికీ లేవాల్సి వచ్చేది. నా తెలివికి అప్పుడు పదును ఎక్కువ. సాంచెలో ముందుకూ వెనక్కూ ఊగే చట్రం ఉంటుంది కదా, దానికి తాడు కట్టి, మధ్యలో పాత స్ప్రింగు ఒకటి పెట్టి దెబ్బ తగ్గించి, రెండో కొస తొట్టెలకు కట్టాను. గుడ్డ నేసే సాంచె పిల్లనూ ఊపింది. చుట్టుపక్కల కార్ఖానాల నుంచి వచ్చి చూసి పోయారు. నార్పోలిలో ఇద్దరికి నేనే పోయి కట్టిచ్చాను.

అత్తమ్మ ఆ తాడును రెండుసార్లు కత్తిరించింది. "మనిషి ఊపితే మనిషి కన్ను పిల్ల మీద ఉంటది. సాంచెకు కన్నున్నదా?" అంది. నేను మూడోసారి కట్టాను. ఆమెను ఉడికించడానికే కట్టాను. ఆ ముందు రోజే ఆమె తమలపాకుల డబ్బాలో సున్నం తీసేసి, గట్టిపరిచిన మైదా గంజి పెట్టి, ఆమె ఆకు నములుతూ ముఖం వంకర పెడితే కార్ఖానా అంతటికీ చూపించి నవ్వించాను.

పిల్లకు నాలుగు రోజులుగా జలుబు. ఆ రోజు పొద్దున పాలు సరిగా తాగలేదని నా భార్య అంది. పడుకుందిలే, లేపకు అన్నాను. మధ్యాహ్నం దాకా పిల్ల కిక్కురుమనలేదు. సాంచె ఊపుతూనే ఉంది. అందరం అనుకున్నాం, ఎంత హాయిగా పడుకుందో అని. నేను గుమ్మం దగ్గర చాయ్ గ్లాసు పట్టుకుని, నా తాడు గొప్పతనం ఎవరికో సైగలతో చెబుతున్నాను.

అత్తమ్మ కండెల బుట్ట పెట్టడానికి లేచి, దారిలో తొట్టెలలోకి చేయి పెట్టింది. పిల్ల డొక్క మీద అరచేయి పెట్టి అట్లాగే నిలబడింది. తర్వాత నా వంక తిరిగి చేతిని గబగబా పైకీ కిందికీ ఆడించి, రా అని సైగ చేసింది.

నేను నవ్వాను. సున్నానికి బదులు తీర్చుకుంటోంది అనుకున్నాను. "నన్ను మోసం చేయాలంటే ఇంకో జన్మ ఎత్తాలె" అని సైగ చేసి చాయ్ తాగాను. ఆమె మళ్ళీ పిలిచింది. నేను మళ్ళీ నవ్వాను.

అప్పుడామె బుట్ట కింద పడేసి, గోడ దగ్గరికి నడిచి, మెయిన్ స్విచ్ దించేసింది.

ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారి ఆగితే ఏమవుతుందో బయటివాళ్ళకు చెప్పలేను. ఉన్నట్టుండి చెవుల్లో గాలి నిండినట్టు అవుతుంది. సేఠ్ ఆఫీసు గదిలోంచి "క్యా హువా, కౌన్ బంద్ కియా" అని అరుస్తూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు. ఆ నిశ్శబ్దంలో తొట్టెల లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఏడుపు కాదు. ప్రతి ఊపిరి చివరా ఒక చిన్న మూలుగు. బరువు ఎత్తుతున్న మనిషి మూలిగినట్టు. పొద్దుటి నుంచి నా బిడ్డ అట్లా మూలుగుతూనే ఉంది. సాంచె దాన్ని ఊపుతూనే ఉంది.

అత్తమ్మ నూలు కత్తెరతో తాడు తెంపి పిల్లను ఎత్తుకుని పరుగెత్తింది. వెనకే నా భార్య, నేను. ఆటోలో పిల్ల బట్ట విప్పి చూపించింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. పెదవులు నేరేడు పండు రంగు తిరిగాయి. నేను ఆటోవాడిని తిడుతూ కూర్చున్నాను. వాడు చేసిన తప్పేమీ లేదు, తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి.

పిల్లల దవాఖానాలో డాక్టర్ పిల్ల ముక్కుకు గొట్టం పెట్టిస్తూ, ఎప్పట్నుంచి ఇట్లా ఉందని అడిగాడు, "కబ్‌సే ఐసా హై?"

"అభీ సాబ్, ఏక్ ఘంటా" అన్నాను.

ఎందుకన్నానో నాకు ఈరోజుకీ తెలియదు. ఆయన ఏదో రాసుకోబోయాడు. అత్తమ్మ వచ్చీ రాని హిందీలో, "ఝూట్ బోల్తా, డాక్టర్. సుబే సే. దూద్ నై పియా" అంది. అబద్ధమాడుతున్నాడు, పొద్దుట్నుంచి ఇట్లానే ఉంది, పాలు తాగలేదు అని. ఆయన పెన్ను ఆపి నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. తర్వాత వాళ్ళు చేసేవన్నీ మారిపోయాయి, మనుషులు పరుగెత్తారు. తొమ్మిది రోజులు పిల్ల అక్కడే ఉంది. బతికింది.

ఇంటికొచ్చాక నేను కథ అల్లాను. "అత్తమ్మకు నా మీద కోపం వస్తే మొత్తం భివండీ కరెంటే తీసేస్తది" అని. అల్లుడిని బెదిరించడానికి కార్ఖానా ఆపిన అత్త. బిడ్డ పెరిగాక దానికీ అదే చెప్పాను, గుడ్లు తిప్పుతూ, సేఠ్ లాగా అరుస్తూ. అది పడీ పడీ నవ్వేది. పక్కనే అత్తమ్మ వక్క కత్తిరిస్తూ వినేది. ఒక్కసారి కూడా కాదనలేదు. ఒకనాడు నేనే ఉండబట్టలేక, "ఎందుకు చెప్పవ్ అత్తమ్మా?" అని అడిగాను. "తండ్రిని పిల్ల ముంగట చిన్నగ చేస్తరా" అని, తన వక్క తను నమిలింది.

కానీ ఆమె ఊరుకున్నదీ లేదు. ఆ తర్వాత మా గల్లీలో ఏ కార్ఖానాలో కొత్తగా పిల్లతల్లి పనికి చేరినా ఈమె పోయి నిలబడేది. చదువు రాదు, గడియారం చూడరాదు, సాంచెల మోతలో చెప్పినా వినపడదు. అందుకని ఆ తల్లి చేయి లాగి తన డొక్క మీద పెట్టుకునేది. ముందు మామూలుగా ఊపిరి తీసేది. తర్వాత గబగబా, పొట్ట లోపలికి పోయేలా, మూలుగు చేతికి తగిలేలా తీసేది. అట్లా ఉంటే పరుగెత్తు అని వేలితో వీధి చూపించేది. "చెవులు సాంచెకు ఇచ్చినం, చేతులు మనయే" అనేది. ఇంకొకటి అనేది: "ఏడ్చే పిల్లకు భయపడకు, ఏడ్వని పిల్లకు భయపడు."

నా బిడ్డకు నాలుగైదేళ్ళు వచ్చాక దాన్ని వెంట తీసుకుపోవడం మొదలుపెట్టింది. తన డొక్క ముసలిదైపోయింది, సరిగా లోపలికి పోవడం లేదని. బిడ్డ బట్టల మూట మీద వెల్లకిలా పడుకుని జబ్బు పిల్లలాగా ఊపిరి తీసి చూపించేది. ఆట అయ్యాక దానికి ఒక బిస్కెట్టు ప్యాకెట్టు. "అమ్మమ్మ, మనుమరాలు నాటకం కంపెనీ పెట్టిన్రు, టికెట్ ఎంత?" అని నేను ఎగతాళి చేసేవాడిని. "నువ్వు పడుకో అల్లుడా, నీ బొర్ర లోపలికి పోతదేమో చూద్దం" అనేది అత్తమ్మ. ఆడవాళ్ళంతా నా పొట్ట చూసి నవ్వేవాళ్ళు. నోటి మాటలో ఆమెను నేను గెలిచిన రోజు లేదు.

ఆ నాటకం కంపెనీ పిల్లే ఇప్పుడు పిల్లల డాక్టర్ అవుతానంటోంది. ఎందుకు అని నేను ఏనాడూ అడగలేదు. అడిగితే తొట్టెల దగ్గరికి వస్తామని నాకు భయం. పిల్లల వార్డులో చేరితే ఏదో ఒక రోజు ఆ మూలుగు వింటుంది, తన కథ తనకు అర్థమైపోతుంది. అందుకే చర్మం. దురద గురించి నేను చెప్పినదంతా పైపూత.

మంగళవారం సాయంత్రం దహనం అయింది. తిరిగి వస్తుంటే బిడ్డ ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతుతో, "లాక్ అయింది గద బాపు?" అని అడిగింది. నేను తల ఊపాను.

బుధవారం ఇల్లంతా చుట్టాలు, నా భార్య వాళ్ళ మధ్యే ఉంది. కార్ఖానాల నుంచి ఆడవాళ్ళు చంకల్లో పిల్లలతో వచ్చి, అత్తమ్మ మంచం ఉన్న చోట కాసేపు కూర్చుని పోతున్నారు. నేను గోడ గడియారం కింద కూర్చున్నాను. రెండు అయింది. రెండున్నర అయింది. ఎవరో అన్నం తినమన్నారు. నా ఫోన్ జేబులో నిప్పుబొగ్గులాగా ఉంది. మూడు కొట్టాక లేచి బిడ్డను మిద్దె మీదికి పిలిచాను. నీళ్ళ ట్యాంకుల మధ్య నిలబెట్టి, ముందు లిస్టు సంగతి చెప్పాను.

అది నన్ను తిడుతుందనుకున్నాను. ఫోన్ లాక్కుని చూసింది. ముఖం తెల్లబోయింది.

"ఎందుకు చేసినవ్ బాపు? చర్మం నీకెందుకు? ఖరం సాంగ్. నిజం చెప్పు."

అప్పుడు తొట్టెల సంగతి చెప్పాను. తాడు, స్ప్రింగు, మూడోసారి కట్టడం, చాయ్ గ్లాసు. నవ్వించడానికి ఒక్క మాట కూడా కలపలేదు. కలపకుండా చెప్పడం నాకు చేతకాదు, అందుకని మధ్య మధ్యలో ఆగిపోయాను. బిడ్డ అడ్డు రాలేదు. నేను పూర్తిగా ఆగిపోయాక, గొంతు మార్చి అడగడం మొదలుపెట్టింది. బిడ్డ గొంతు కాదు అది.

"ఎన్నో నెల?"

"ఎనిమిది నడుస్తుండె."

"జలుబు ఎన్ని దినాల నుంచి?"

"నాలుగు."

"జ్వరం?"

"రాత్రి ఒళ్ళు కాలింది. మీ అమ్మ తడిగుడ్డ వేసింది."

"పాలు ఎప్పట్నుంచి తాగలే?"

"పొద్దుట్నుంచి. డాక్టర్‌కు గంట అని చెప్పిన."

"అమ్మమ్మ సైగ చేసినంక నువ్వు ఎంతసేపు నవ్వినవ్?"

"సగం గ్లాసు చాయ్ తాగేంత సేపు" అన్నాను.

అది ట్యాంకుకు ఆనుకుని కింద గల్లీ వంక చూసింది. నేను గడియారం చూడలేదు కానీ టైం నా వీపు మీద నడుస్తోంది.

"నీ కథ నేను ఎన్నడో నమ్ముడు బంద్ చేసిన" అంది. "ఊకెనే కార్ఖానా బంద్ చేసినదాన్ని ఏ సేఠ్ అన్ని ఏండ్లు పనిల ఉంచుకుంటడు? ఏదో దాస్తున్నవని తెలుసు. ఏందో తెల్వదు."

"మరి అడగకపోతివి."

"నువ్వు చెప్పాలె. అడిగితే ఇంకో కథ చెప్తవ్." నా వైపు తిరిగి అంది, "పెద్దోనికి నొస్తే వాడే చెప్తడు బాపు. పసిపిల్లకు నోరు లేదు. దాని బదులు ఇంట్లోళ్ళు చెప్తరు. ఇంట్లోళ్ళకు భయముంటది, సిగ్గుంటది. వార్డుల రోజూ చూస్తున్న, గంట అంటరు, రెండు దినాలయి ఉంటది. మాతోటి డాక్టర్లు వాళ్ళ మీద ఒర్రుతరు. నాకు ఒర్రబుద్ధి కాదు. అబద్ధం చెప్పేటోని మొఖం నాకు చిన్నప్పట్నుంచి ఎరుకే. పక్కన కూసుండి మెల్లగ అడుగుత. చెప్తరు. ఈ పని నాకొస్తది. చర్మం నాకు రాదు."

నా బిడ్డ పిల్లల వైద్యం ఎందుకు కోరుకుందో నాకు ఆ రోజు తెలిసింది. అత్తమ్మ నేర్పిన చేయి సగం కారణం. మిగతా సగం నా అబద్ధాలు. గర్వపడాలో తల దించుకోవాలో తెలియక నిలబడిపోయాను.

నా ఫోన్ నాకిచ్చి, తన ఫోన్లో లిస్టు తెరిచి, "ఓటీపీ చెప్పు" అంది.

ఓటీపీ రాలేదు. మూడూ ముప్పై ఎనిమిది. మళ్ళీ పంపమని నొక్కింది. రాలేదు. మా గల్లీలో సిగ్నల్ ఎప్పుడూ అంతే, రేకుల షెడ్ల మధ్య నలిగిపోతుంది. నేను ఫోన్ పట్టుకుని పిట్టగోడ ఎక్కాను. బిడ్డ నా చొక్కా వెనక గట్టిగా పట్టుకుంది. "పడకు బాపు" అంది, కోపంగానే. చేయి పైకెత్తి నిలబడ్డాను. కింద చుట్టాలు తలలెత్తి చూస్తున్నారు. చావు ఇంట్లో కూడా వీడు వేషాలు మానడు అనుకుని ఉంటారు. ఫోన్ వణికింది. ఒక్కొక్క అంకె చదివాను, రెండోసారి కూడా చదివాను. తను బాణం గుర్తు నొక్కింది. పిల్లలు పైకి పోయారు. లాక్ నొక్కింది. నాలుగింటికి ఇంకా ఎనిమిది నిమిషాలు ఉంది.

ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు చాయ్ ఇస్తూ, "నార్పోలిల నువ్వు కట్టిచ్చిన ఆ ఇద్దరి పిల్లలు మంచిగున్నరా?" అని అడిగింది. బాగున్నారు. ఒకడు కాల్హేర్ గోదాములో పని చేస్తున్నాడు, ఇంకొకామెకు పెళ్ళయింది. నేను పోయి కనుక్కుని వచ్చి చెప్పాను. ఇరవై ఐదేళ్ళలో నాకు ఆ ఆలోచనే రాలేదు. అప్పట్లో, పిల్ల దవాఖానాలో ఉన్న వారమే, అత్తమ్మ పోయి ఆ తాళ్ళు తెంపి వచ్చిందని అక్కడ తెలిసింది. అదీ నాకు చెప్పలేదు.

సీటు వచ్చింది. సర్కారు దవాఖానా, పిల్లల వార్డు. పోయిన వారం చేరడానికి పోయింది. నేను సంచి మోసుకుని షేర్ ఆటో దాకా వెళ్ళాను. అత్తమ్మ ఉంటే ఏమనేదో అనుకుంటూ నడిచాను. బిడ్డ ఎక్కాక ఆటోలో ఒక్క చోటు మిగిలింది. ఎవరో ఒకామె రెండు సామాన్ల మూటలతో, చంకలో పిల్లతో పరుగున వచ్చింది. మూటలు ముందు తోసి, పేరైనా అడగకుండా పిల్లను నా బిడ్డ ఒళ్ళో పెట్టి, తను పక్కకు ఇరుక్కుంది. ఆటో కదిలింది. టెంపోల మధ్య అది మలుపు తిరిగేదాకా చూశాను. అంచు బయటికి ఒక చిన్న కాలు వేలాడుతోంది, దానికి మేజోడు లేదు. లోపలి నుంచి ఒక చేయి వచ్చి, ఆ కాలును మెల్లగా లోపలికి తీసుకుంది.